నాలుగు కప్పుల చీజ్ ఎన్ని గ్రాములు

నా కంటి వెనక పొర మధ్యలో దెబ్బతింటోందని డాక్టర్ చెప్పిన వారం నుంచి మా ఇంట్లో నాకు వంటింటి పని లేకుండా పోయింది. వద్దని ఎవరూ గట్టిగా అనలేదు. నేను స్టవ్ దగ్గరికి వెళ్ళేసరికి మా ఆయన అప్పటికే అక్కడ నిలబడి ఉండేవారు. "నువ్వు కూర్చో, నేను చూస్తాగా" అనేవారు. నేను కత్తి తీస్తే ఆయన మెల్లగా నా చేతిలోంచి తీసుకునేవారు. ప్రేమే. కాదనను. కానీ ప్రేమతో కూర్చోబెట్టినా కూర్చోబెట్టడమే కదా.

నాకు పూర్తిగా కనిపించకుండా పోలేదు. అంచుల్లో చూపు ఉంది. ఎదుటి మనిషి జుట్టు, చెవులు, భుజాలు తెలుస్తాయి. ముఖం ఉండాల్సిన చోట తడి వేలితో రుద్దిన సిరా మరకలాంటిది ఉంటుంది. నేను ఎటు చూస్తే ఆ మరక అటే వస్తుంది. ఉద్యోగం మాత్రం నిలిచింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని కాబట్టి, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్ పెట్టుకుని ఇంటి నుంచే చేసుకుంటున్నాను. కారు నడపడం మానేశాను. అదీ సరే అనుకున్నాను. వంట దగ్గర మాత్రం సరే అనుకోలేకపోయాను.

అమెరికాలో ఈ హెర్న్‌డన్ ఊరికి వచ్చిన కొత్తలో, మా అమ్మాయి ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు, మేము నాలుగైదు కుటుంబాలం థాంక్స్‌గివింగ్ పండగ రోజున మా ఇంట్లో కలవడం మొదలుపెట్టాం. పెద్దలకి పులిహోర, గుత్తివంకాయ, పెరుగన్నం ఉండేవి. పిల్లలు అవేవీ ముట్టేవాళ్ళు కాదు. వాళ్ళ కోసం నేను లసానియా చేసేదాన్ని. వెడల్పాటి పాస్తా రేకుల మధ్య టమాటా సాస్, పాలకూర, మూడు రకాల చీజ్ పొరలుగా వేసి ఓవెన్‌లో పెట్టడమే. నా మొదటి ఉద్యోగంలో పక్క సీటు ఆవిడ నోటితో చెప్పింది. మోజరెల్లా తురుము నాలుగు కప్పులు, రికోటా రెండు కప్పులు, పర్మిజాన్ ఒక కప్పు. అంతే, కప్పుల లెక్క. ఆ పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో, ఉద్యోగాల్లో ఉన్నారు. అయినా నవంబర్ వచ్చిందంటే "ఆంటీ, లసానియా ఉంది కదా?" అని మెసేజ్‌లు వస్తాయి.

ఆ ఏడాది వేసవి చివర్లో మా వీధిలోనే ఉండే స్నేహితురాలు ఫోన్ చేసింది. ఎప్పుడూ ఆ విందుకి పులిహోర తెచ్చేది తనే. ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం.

"వదినా, ఈసారి మీరేం శ్రమ పడకండి. అందరం తలా ఒకటి తెచ్చేస్తాం. లసానియా బయట ఆర్డర్ చేసేద్దాం."

"లసానియా నేనే చేస్తాను" అన్నాను.

"అది కాదు వదినా, ఓవెన్ అదీ... ఎందుకొచ్చిన రిస్కు చెప్పండి?"

"మీరు పులిహోర తెండి. లసానియా సంగతి నాకు వదిలెయ్యండి."

ఫోన్ పెట్టేశాను. మాట ఇచ్చేశాను. ఎలా చెయ్యాలో మాత్రం నాకే తెలియదు.

మరుసటి శనివారం మా ఆయన బజారు పనిమీద వెళ్ళినప్పుడు మొదటిసారి చేసి చూశాను. పాస్తా రేకులు వేళ్ళకి తెలుస్తాయి. సాస్ చెంచాతో పరచవచ్చు. వచ్చిన చిక్కల్లా చీజ్‌తోనే. పిండైతే కప్పు నింపి పైన కత్తి అంచుతో గీసేయవచ్చు. తురిమిన చీజ్ అలా కాదు. పోగులు పోగులుగా, మధ్యలో ఖాళీలతో కప్పులో నిలబడుతుంది. కప్పు నిండిందో లేదో కన్ను చూసి చెప్పాలి. నేను వేళ్ళతో తడిమి చూసుకున్నాను. నిండలేదనిపించి ఇంకాస్త వేశాను. మళ్ళీ తడిమాను, మళ్ళీ వేశాను. తడిమిన ప్రతిసారీ వేళ్ళు చీజ్‌ని కిందికి నొక్కేస్తున్నాయని నాకు తట్టలేదు.

ఓవెన్‌లోంచి బయటికి వచ్చింది లసానియా కాదు, ఇటుక. పైన నూనె చెరువులా తేలింది. ముక్క కోస్తే కత్తితో పాటు పై పొర మొత్తం లేచి వచ్చింది. మా ఆయన ఇంటికి వచ్చి, ఓవెన్ వెలిగించినందుకు ఏమీ అనకుండా ప్లేటు ముందు కూర్చున్నారు.

"బాగానే ఉంది" అన్నారు.

ఆ తర్వాత ఆయన లేచి ఫ్రిజ్‌లోంచి పెరుగు తెచ్చుకున్నారు. లసానియాలో పెరుగు కలుపుకుని తినే మనిషిని నేను అప్పుడే విన్నాను, చూశాననలేను.

ఆ రోజుల్లోనే, చూపు తగ్గినవాళ్ళకి ఇంటిపనులు నేర్పే టీచర్ మా ఇంటికి రావడం మొదలైంది. డాక్టర్ ఆఫీసు నుంచే పేరు పంపారు. అరవై దాటిన అమెరికన్ ఆవిడ. ఆవిడకీ చిన్నప్పటి నుంచి చూపు లేదు. తెల్ల కర్రతో గుమ్మం, మెట్లు, వంటింటి గట్టు అన్నీ ఒకసారి తట్టి చూసుకుని, మా ఇంట్లో నాకంటే నిబ్బరంగా నడిచింది. ఓవెన్ బటన్ల మీద, స్టవ్ నాబ్‌ల మీద ఉబ్బెత్తు చుక్కలు అంటించింది. మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్ తొడిగి, చల్లటి ఓవెన్‌లో ట్రే పెట్టడం, తీయడం పదేపదే చేయించింది. అది వచ్చాక నేను అసలు ప్రశ్న అడిగాను.

"తురిమిన చీజ్ కప్పుతో ఎలా కొలుస్తారు?"

ఆవిడ ఇంగ్లీషులో చెప్పిన జవాబు తెలుగులో ఇంతే: "కొలవను. తూస్తాను."

సంచిలోంచి పలక లాంటి త్రాసు తీసింది. గిన్నె పెట్టి ఒక బటన్ నొక్కితే గిన్నె బరువు తీసేసి సున్నా దగ్గర మొదలవుతుంది. ఇంకో బటన్ నొక్కితే లోపల ఉన్నదాని బరువు ఆడగొంతుతో చెబుతుంది. నేను గుప్పెడు చీజ్ వేసి నొక్కాను. "ముప్పై ఒక్క గ్రాములు" అంది. మరక అడ్డం పడని కొలత ఒకటి ఈ ప్రపంచంలో ఉందని ఆ క్షణంలో తెలిసింది. అలాంటిదే వెంటనే తెప్పించుకున్నాను.

ఇక కప్పుల్ని గ్రాములు చేసుకోవడమే మిగిలింది. చిన్న పని అనుకున్నాను.

"దీంట్లో ఏముంది?" అన్నారు మా ఆయన. "కప్ అంటే ఎయిట్ ఔన్సెస్. నాలుగు కప్పులంటే థర్టీటూ. పౌండుకి పదహారు. అంటే రెండు పౌండ్లు. సింపుల్." అనడమే కాదు, ఆ సాయంత్రమే వెళ్ళి రెండు పౌండ్ల మోజరెల్లా తురుము సంచి తెచ్చేశారు.

ఆ సంచి చేతిలోకి తీసుకోగానే నాకు అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఇంత బరువు ఎప్పుడూ మొయ్యలేదు.

"ఇది డబుల్ ఉందండీ."

"నువ్వు ఊహించుకుంటున్నావ్. కప్ ఈజ్ ఎయిట్ ఔన్సెస్. కప్పు మీదే రాసుంది చూడు." అని, చూడు అన్నందుకు నాలుక కరుచుకున్నారు.

నేను త్రాసు మీద కప్పు పెట్టి సున్నా చేసి, నిండా నీళ్ళు పోసి ఔన్సుల బటన్ నొక్కాను. ఇంచుమించు ఎనిమిది అంది. నీళ్ళు పారబోసి, తుడిచి, అదే కప్పులో చీజ్ తురుము నొక్కకుండా రాల్చి మళ్ళీ నొక్కాను. నాలుగు కూడా పూర్తిగా కాలేదు.

ఆయన కప్పు అందుకుని దాని మీద రాసింది ఇంకోసారి చదివారు. "మళ్ళీ చెయ్యి" అన్నారు. మళ్ళీ చేశాను. త్రాసు మాట మార్చలేదు.

"నీళ్ళని కొలిచే ఔన్సు వేరు, తూచే ఔన్సు వేరు" అన్నాను. "రెండిటికీ ఒకే పేరు పెట్టారు, అంతే. నీళ్ళ దగ్గర రెండూ కలుస్తాయి. చీజ్ దగ్గర కలవవు. మధ్యలో అంతా గాలే కదా."

"ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాం ఈ దేశంలో" అన్నారాయన నీరసంగా. మిగిలిన చీజ్‌ని డబ్బాలోకి మార్చి డీప్ ఫ్రీజర్‌లో పెట్టారు.

మా అమ్మాయి వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. సంగతి చెప్పి, ఒక కప్పు మోజరెల్లా తురుము ఎన్ని గ్రాములో నెట్‌లో చూడమన్నాను.

"ఒక సైట్‌లో వన్ థర్టీన్ అని ఉందమ్మా. ఇంకోటి హండ్రెడ్ అంటోంది. ఇదేమో ఎయిటీ ఫైవ్. వాట్! వీళ్ళు ఎవ్వరూ అగ్రీ అవ్వట్లేదు."

"మరి ఏది నమ్మాలి?"

"ఐ డోంట్ నో అమ్మా. ఎవరి కప్ వాళ్ళది అనుకుంటా. నేను నీ రెసిపీ చేస్తే ఎప్పుడూ నీలా రాదు, నీకు చెప్పలేదు అంతే. నాకు వెబ్‌సైట్‌ది వద్దు. నువ్వు ఎంత వేస్తావో అదే కావాలి."

ఆ మాట నన్ను బాగా పట్టుకుంది. నేను ఎంత వేస్తాను? చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం సోలతో కొలిచేవాళ్ళు. మా అమ్మ కొలిస్తే సోల మీద గోపురం నిలబడేది. మా పెద్దమ్మ అంచు దగ్గర చేత్తో చదును చేసేది. ఇద్దరూ సోలెడే అనేవాళ్ళు, ఎవరి అన్నం వాళ్ళ లెక్కకి సరిపోయేది. నా కప్పు కూడా అలాంటిదే అయి ఉంటుంది. పక్క సీటు ఆవిడ చెప్పిన నాలుగు కప్పులు ఇన్నేళ్ళలో ఎప్పుడో నా నాలుగు కప్పులైపోయాయి. వాటి బరువు ఎక్కడా రాసి లేదు. నా చెయ్యే చెప్పాలి.

చీజ్ దిమ్మ తెప్పించాను. తురుముపీట పెద్ద కన్నాల వైపు తిప్పి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి తురిమాను. గుప్పిటతో తీసి కప్పులోకి రాల్చాను. ఈసారి వేళ్ళతో తడమలేదు. అంచు దాటి పోగులు బయటికి రాలుతున్న చప్పుడు పళ్ళెంలో వినిపించగానే ఆపాను. తూచాను. తొంభై ఆరు. గిన్నెలోకి ఒంపి మళ్ళీ నింపాను. నూట ఎనిమిది. మళ్ళీ నింపాను. నూట రెండు. కావాలని వేళ్ళతో అదిమి నింపితే నూట యాభై దాటింది. ఇటుక ఎలా తయారైందో అప్పుడు అర్థమైంది.

నూట రెండు లెక్కన నాలుగు కప్పులకి నాలుగు వందల పైచిలుకు వేసి లసానియా చేశాను. ఇటుక కాలేదు. కానీ పైన అక్కడక్కడ సాస్ బయటపడి ఎండిపోయింది. నోట్లో పెట్టుకుంటే ఏదో వెలితి. నాది కాదని నాలుకకి తెలిసిపోయింది.

"ఇది బాగుంది కదా" అన్నారు మా ఆయన.

"బాగుంది. కానీ నాది కాదు."

"ఎంత తేడా ఉంటుందే? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తోందిగా."

ఆయన నిట్టూర్చి, ఖాళీ చీజ్ సంచి పారేయబోతూ ఆగారు. మొన్న తెచ్చిన తురుము సంచి అది. "ఆగు, దీని వెనక ఏదో ఉంది" అని ఫోన్ లైటు వేసుకుని చిన్న అక్షరాలు చదివారు. "ఒక సర్వింగ్, పావు కప్పు, ఇరవై ఎనిమిది గ్రాములు."

ఇరవై ఎనిమిది నాలుగుసార్లు వేస్తే నూట పన్నెండు. నాలుగు కప్పులకి నాలుగు వందల యాభై లోపు. రాలిన చప్పుడుకే ఆపేయకుండా, కప్పు మీద కొద్దిగా గోపురం నిలబెడితే అంతే అవుతుంది. మా అమ్మ చెయ్యి నాకూ వచ్చిందన్నమాట. నేను చదును చేసే రకం కాదు.

"ఇన్నాళ్ళూ సంచి మీదే ఉంది" అన్నారాయన. "ఇద్దరం కలిసి ఇంత రీసెర్చ్ చేశాం."

అన్నీ అంత తేలిగ్గా తేలలేదు. పర్మిజాన్ డబ్బా మీద చెంచాల లెక్క ఉంది. చెంచా లెక్క గుణించి కప్పుకి తెస్తే నా త్రాసు చెప్పినదానికంటే చాలా ఎక్కువ వచ్చింది. చిన్న కొలతని దగ్గరి అంకెకి సర్ది రాస్తారు కాబట్టి, ఎన్నిసార్లు గుణిస్తే తప్పు అంత పెద్దదవుతుంది. అందుకని డబ్బాని వదిలేసి నా చేతినే నమ్మాను: తొంభై ఐదు గ్రాములు. రికోటా సంగతి ఇంకా వింత. రెండు కప్పులని నోటితో అనడమే కానీ, నేను ఎప్పుడూ కొలవలేదు. ఒక డబ్బా మొత్తం గీకి వేసేసేదాన్ని. ఆ డబ్బా రెండు కప్పులు కానే కాదు. తడి చీజ్ కాబట్టి కప్పు ఒక్కొక్కటి మోజరెల్లాకి రెండింతలు పైన తూగుతుంది. డబ్బాలో ఉన్నది నాలుగు వందల పాతిక. మా అమ్మాయి మాత్రం నేను చెప్పిన మాట నమ్మి, రెండో డబ్బా తెరిచి మరీ రెండు కప్పులు నింపుతోందట. అందుకే పాపం దాని లసానియా నీళ్ళు కారుతోంది.

కొత్త లెక్కలతో మూడోది చేశాను. ఓవెన్ తెరవగానే వచ్చిన వాసనకే నాకు తెలిసింది. ముక్క తిన్నాక కుర్చీలో కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది కానీ ఏడవలేదు. రెండో ముక్క పెట్టుకున్నాను.

"ఇక ప్రాక్టీస్ చాలు" అన్నారు మా ఆయన చేతులు జోడించి. "వచ్చే వారం నాకు కొలెస్ట్రాల్ టెస్ట్ ఉంది."

థాంక్స్‌గివింగ్‌కి మా అమ్మాయి ముందు రోజే దిగింది. విందు రోజు పొద్దున మా ఆయన దుకాణానికి వెళ్ళి ముఖం వేలాడేసుకుని వచ్చారు. ముఖం నాకు కనిపించదు. గొంతు వింటే చాలు.

"దిమ్మలు అయిపోయాయట. తురుము సంచులే ఉన్నాయి. అదీ సన్న తురుము. మరీ దారాల్లా ఉంది. ఇప్పుడెలా? నీ లెక్కంతా పోయినట్టేనా?"

అమ్మాయి సంచి పట్టుకుని చూసి, "అమ్మా, ఇది కప్‌లో టైట్‌గా ప్యాక్ అయిపోతుంది. ఎక్కువ పడుతుంది" అంది.

"కప్పులో కదా" అన్నాను. "ఇక్కడ కప్పు ఎవరు వాడుతున్నారు? సన్నదైనా లావుదైనా నాలుగు వందల యాభై నాలుగు వందల యాభయ్యే."

అమ్మాయి గట్టిగా నవ్వింది. "ఓ మై గాడ్. అవును కదా!"

గిన్నె పెట్టి సున్నా చేశాను. సంచి కత్తిరించి పోయడం మొదలుపెట్టాను. సగంలో తలుపు గంట మోగింది. పులిహోర గిన్నెతో వదిన. తను లోపలికి వచ్చి, నన్ను స్టవ్ పక్కన చూసి, "అయ్యో వదినా, మీరెందుకు, నేను చేస్తా ఇటివ్వండి" అని గిన్నె మీద చెయ్యి వేసింది.

"వద్దు వదినా. మీరు కూర్చోండి, కాఫీ కలుపుతారు ఆయన."

గిన్నె వదల్లేదు నేను. తనూ వెంటనే వదల్లేదు. ఒక్క నిమిషం ఇద్దరం పట్టుకుని నిలబడ్డాం. చివరికి తనే చెయ్యి తీసింది. ఈ తతంగంలో త్రాసు తనంతట తనే ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే గిన్నెనీ చీజ్‌నీ కలిపి సున్నా అనుకుంది. ఎంత పోశానో ఇప్పుడు దానికీ తెలియదు, నాకూ తెలియదు.

"ఉజ్జాయింపుగా వేసేయవే" అన్నారు మా ఆయన మెల్లగా. "టైమ్ అవుతోంది."

"లేదండీ."

చీజ్ మొత్తం పళ్ళెంలోకి ఒంపాను. ఖాళీ గిన్నె పెట్టాను. సున్నా చేశాను. మొదటి నుంచి పోశాను, మధ్యమధ్య బటన్ నొక్కుతూ, అది నిద్రపోకుండా. త్రాసు "నాలుగు వందల నలభై ఏడు" అన్నప్పుడు ఇంకో చిటికెడు వేశాను. "నాలుగు వందల యాభై" అంది. వదిన వెనక నుంచి "భలే ఉందే ఇది" అంది. ఆ గొంతులో జాలి లేదు. కుతూహలం ఉంది.

గ్లవ్స్ తొడుక్కుని ట్రే నేనే పెట్టాను, నేనే తీశాను. అమ్మాయి నా పక్కనే నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డానని తర్వాత చెప్పింది, ఆపుకోవడానికి.

పిల్లలు వచ్చారు. పిల్లలంటే, నాకంటే పొడుగు మనుషులు. ముఖాలు తెలియకపోయినా ఎవరు ఎవరో గొంతుల్ని బట్టి పట్టేశాను. వదిన కొడుకు ప్లేటు తీసుకుని మొదటి ముద్ద తిని, "ఆంటీ, సేమ్" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. ఇంకో ముక్క పెట్టించుకున్నాడు. సంచి తురుము కాబట్టి పై పొర మామూలుకంటే కొంచెం బిరుసుగా సాగింది. అది నాకు తెలిసింది, ఇంకెవరికీ తెలియలేదు. ఈసారి దాన్ని పట్టించుకోలేదు.

తిన్నాక వదిన నా పక్కకి వచ్చి కూర్చుంది. "వదినా, ఆ రోజు ఫోన్‌లో అలా అన్నాను..."

"మంచికే అన్నారు."

"అది కాదు. ఆ త్రాసు ఎక్కడ దొరుకుతుంది? మా అత్తగారు వస్తున్నారు సమ్మర్‌లో. ఆవిడకీ కళ్ళు సరిగా ఆనడం లేదు. వంట మానేసి ఊరికే కూర్చుంటున్నారట."

"ఆవిడని మా ఇంటికి తీసుకురండి" అన్నాను. "ముందు చీజ్‌తో మొదలుపెట్టిస్తాను. దానికంటే కష్టమైనది ఇంకోటి లేదు."

వసంతంలో పరీక్షకి వెళ్ళినప్పుడు ఎడమ కన్ను ఇంకాస్త తగ్గిందని డాక్టర్ చెప్పారు. తిరిగొచ్చే దారిలో ఇండియన్ దుకాణం ముందు కారు ఆపమని మా ఆయనతో అన్నాను. పచ్చి మామిడికాయలు వచ్చాయని విన్నాను. ఆవకాయకి ఆవపిండి, కారం, ఉప్పు మూడూ మా ఇంట్లో ఒకే గిన్నెతో కొలిచేవాళ్ళు. ఒకే గిన్నెడైనా తూకంలో మూడూ మూడు రకాలు. ఇంటికి రాగానే చీర కొంగు దోపుకుని ముందు ఆవపిండితో గిన్నె నింపి త్రాసు మీద పెట్టాను.